పాత వాల్వు యాంప్లిఫయర్‌కి కొత్త కండెన్సర్లు: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే ఎలక్ట్రీషియన్ మొదట అనుమానించేది కండెన్సర్‌నే. రెండున్నర మైక్రోఫారడ్లు ఉండాల్సింది ఒకటిన్నరకు పడిపోయి ఉంటుంది. కొత్తది వేస్తే ఫ్యాను మళ్లీ పుంజుకుంటుంది. లోపల ఏ పదార్థం వాడారు, ఏ దేశంలో చేశారు అని అక్కడ ఎవరూ అడగరు. అదే కండెన్సర్ వాల్వు యాంప్లిఫయర్‌లోకి వచ్చేసరికి వ్యవహారం మారిపోతుంది. వెండి రేకుదా, నూనెలో నానిన కాగితందా, రష్యా మిలిటరీ పాత స్టాకా అని చర్చ మొదలవుతుంది. ఒక్కో కండెన్సర్‌కి వేల రూపాయలు పెట్టేవాళ్లున్నారు. మార్చాక పాట కొత్తగా వినిపించిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే. అయితే ఆ మార్పు ఖరీదైన కండెన్సర్ వల్ల వచ్చిందా, పాడైన కండెన్సర్ పోవడం వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోకపోతే డబ్బు తప్పుచోట ఖర్చవుతుంది.

దీన్ని గాలిలో మాట్లాడుకోవడం కన్నా ఒక యాంప్లిఫయర్‌ని ముందు పెట్టుకుని చూడటం మేలు. అందుకు డైనాకో స్టీరియో 70 కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఫిలడెల్ఫియాకి చెందిన డైనాకో 1959లో దీన్ని విడిభాగాల కిట్‌గా సుమారు 100 డాలర్లకు అమ్మింది. డేవిడ్ హాఫ్లర్, ఎడ్ లారెంట్ రూపకల్పన. ఒక్కో చానల్‌కి రెండు ఈఎల్34 వాల్వులు, 35 వాట్లు. ముందు దశకు చానల్‌కొక 7199 వాల్వు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా జీజెడ్34. లక్షల మంది దీన్ని ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకుని బిగించుకున్నారు కాబట్టి ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఒకటి బయటపడుతూనే ఉంటుంది. మొత్తం సర్క్యూట్‌లో కండెన్సర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ప్రతిదానికీ ఒక స్పష్టమైన పని ఉంది. అందుకే ఏది ఎందుకు మార్చాలో ఇందులో బాగా కనిపిస్తుంది.

బయటికి కనిపించని లీకేజీ

మామూలుగా అందరూ ముందు చెప్పేది సరఫరా డీసీని నున్నగా చేసే పెద్ద ఫిల్టర్ కండెన్సర్ గురించి. కానీ ఈ యాంప్లిఫయర్‌లో అసలు కథ చిన్నవాటిలో, అంటే ఒక దశ నుంచి ఇంకో దశకు సిగ్నల్‌ని దాటించే కప్లింగ్ కండెన్సర్లలో ఉంది. 7199 వాల్వులోని రెండో సగం సిగ్నల్‌ని ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండే రెండు పాయలుగా విడగొడుతుంది. వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు కేథోడ్, చేరే చోటు ప్లేటు, మధ్యలో వాటిని అదుపు చేసేది గ్రిడ్డు. ఒక పాయ ప్లేటు నుంచి, ఇంకోటి కేథోడ్ నుంచి బయల్దేరి, చెరొక 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ గుండా రెండు ఈఎల్34ల గ్రిడ్లకు చేరతాయి. ఆ కండెన్సర్ చేయాల్సిన పని ఒక్కటే: పాటను పోనివ్వాలి, ఇటువైపున్న హైవోల్టేజీ డీసీని అటు పోనివ్వకూడదు.

ప్లేటు దగ్గర దాదాపు 280 నుంచి 300 వోల్టులు ఉంటాయి. ఈఎల్34 గ్రిడ్డు దగ్గర మైనస్ 35 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ప్లేటు వైపు కండెన్సర్ మీద పగలూ రాత్రీ 300 వోల్టులకు పైగానే ఒత్తిడి. కేథోడ్ వైపు దాని మీద అందులో సగం కూడా ఉండదు. అరవయ్యేళ్ల నాటి కండెన్సర్ లీకవడం మొదలుపెడితే సహజంగా ప్లేటు వైపుదే ముందు లీకవుతుంది.

లీకంటే ఎంత? 5 మైక్రోఆంపియర్లు అనుకుందాం. మామూలు కెపాసిటెన్స్ మీటరుతో చూస్తే ఆ కండెన్సర్ 0.1 అనే చూపిస్తుంది, ఏ లోపమూ కనిపించదు. కానీ ఆ 5 మైక్రోఆంపియర్లు గ్రిడ్డు దగ్గరున్న 270 కిలో ఓముల రెసిస్టర్ గుండా పారితే అక్కడ 1.35 వోల్టుల తేడా వస్తుంది. మైనస్ 35 ఉండాల్సిన గ్రిడ్డు మైనస్ 33.65 అవుతుంది. ఈఎల్34 ఆ పరిస్థితిలో వోల్టుకి సుమారు 7, 8 మిల్లీఆంపియర్ల చొప్పున స్పందిస్తుంది కాబట్టి, ఆ ఒక్క వాల్వు పది మిల్లీఆంపియర్లు అదనంగా లాగుతుంది. లీకు 10 మైక్రోఆంపియర్లయితే ఇరవై. ప్లేటు మీద 400 వోల్టులకు పైగా ఉంటుంది కనుక ఇరవై మిల్లీఆంపియర్లంటే అదనంగా 8 వాట్ల వేడి. ఈఎల్34 ప్లేటు భరించగలిగేది 25 వాట్లు. మామూలుగా 50 మిల్లీఆంపియర్ల దగ్గరే అది ఇరవై వాట్ల వరకూ మోస్తుంటుంది. ఇంక మిగిలేదేముంది? ప్లేటు ఎర్రగా కాలుతుంది.

ఇది సరే, ఎర్రబడితే కంటికి కనిపిస్తుంది. అంతకన్నా మోసకరమైనది ఇంకోటుంది. స్టీరియో 70లో ఒక చానల్‌లోని రెండు ఈఎల్34లకూ కలిపి ఒకటే 15.6 ఓముల కేథోడ్ రెసిస్టర్, గ్రిడ్డు మైనస్ వోల్టేజీని సరిచేసే బయాస్ కంట్రోల్ కూడా ఒకటే. దాని మీద 1.56 వోల్టులు చూపిస్తే రెండింటి మొత్తం కరెంటు 100 మిల్లీఆంపియర్లు, అంటే తలా 50 అని లెక్క. కానీ మీటరు చూపించేది మొత్తమే. ఒక కండెన్సర్ లీకవుతూ ఒక వాల్వు 65 లాగుతుంటే, బయాస్ తిప్పేవాడు 1.56 వచ్చేదాకా తగ్గిస్తాడు, రెండో వాల్వు 35కి పడిపోతుంది. మీటరు చూసి అంతా సరిగ్గా ఉందనుకుని మూత బిగించేస్తాడు. లోపల మాత్రం ఒక వాల్వు అరిగిపోతుంటుంది, ఇంకోటి కునుకుతుంటుంది.

దీని ప్రభావం పాట మీద ఎలా పడుతుందంటే, పుష్‌పుల్, అంటే రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పద్ధతిలో, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైపులా సమానమైన డీసీ పారినప్పుడే ఆ రెండు అయస్కాంత ప్రభావాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకవైపు 65, ఒకవైపు 35 అయితే తేడా 30 మిల్లీఆంపియర్లు ఐరన్ కోర్‌ని ఒక పక్కకు లాగి పెడుతుంది. అప్పుడు ముందు దెబ్బతినేది బేస్. తబలా, డప్పు శబ్దాలు పట్టు లేకుండా వినిపిస్తాయి. సరఫరాలోని హమ్మింగ్ కూడా పూర్తిగా కొట్టేసుకుపోక స్పీకరులో సన్నగా రొద పెడుతుంది.

ఇప్పుడు ఆ కండెన్సర్ తీసేసి కొత్తది వేశారనుకోండి. లీకు ఆగింది, రెండు వాల్వులూ సమానమయ్యాయి, బేస్ తిరిగొచ్చింది, రొద తగ్గింది. విన్నవాడు ఆశ్చర్యపోతాడు. వేసింది పన్నెండు వేల రూపాయల వెండి రేకు కండెన్సర్ అయితే ఆ ఘనతంతా వెండికే పోతుంది. వంద రూపాయల లోపు మామూలు పాలీప్రొపిలీన్ కండెన్సర్ వేసినా దాదాపు ఇదే మార్పు వచ్చేదని తెలుసుకునే అవకాశం అతనికి ఉండదు. ఎందుకంటే పాతదాన్ని తీసి ఖరీదైనదాన్నే వేశాడు, మధ్యలో చౌకదాన్ని వేసి వినలేదు. వాల్వు యాంప్లిఫయర్ల లోకంలో కండెన్సర్ల గురించి పుట్టిన గాథల్లో మంచి భాగం ఇలాంటి పోలికల నుంచే పుట్టిందనిపిస్తుంది.

అందుకే మార్చే ముందు ఒక పరీక్ష చేసుకోవడం మంచిది. నాలుగు ఈఎల్34లూ తీసి పక్కన పెట్టి, కాసేపు స్విచ్ వేసి, ఒక్కో సాకెట్‌లో 5వ పిన్ను దగ్గర డీసీ వోల్టేజీ చూడాలి. ఒక చానల్‌లోని రెండు సాకెట్లలో అంకె ఒకేలా ఉండాలి. ఒకటి మైనస్ 35, ఇంకోటి మైనస్ 33 చూపిస్తే తక్కువ మైనస్ ఉన్నవైపు కండెన్సర్ లీకవుతున్నట్టే. వాల్వులు ఉంచి చూస్తే వాల్వు సొంత గ్రిడ్ కరెంటు కూడా కలిసి ఎవరి తప్పో తేలదు. ఒక జాగ్రత్త: ఈఎల్34లు లేకపోతే సరఫరా మీద భారం పోయి వోల్టేజీ 500 దాకా ఎక్కుతుంది. ఇంతకుముందు ఎవరైనా 450 వోల్టుల ఫిల్టర్ కండెన్సర్లు వేసి ఉంటే ఈ పరీక్షకు దిగకూడదు.

ఏ రకం వేయాలి

కప్లింగ్‌కి ఈ రోజుల్లో పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కన్నా ఎక్కువ వెతకనక్కర్లేదు. దాని ఇన్సులేషన్ రెసిస్టెన్స్ వేల మెగా ఓముల్లో ఉంటుంది. పైన చెప్పిన 5 మైక్రోఆంపియర్ల లీకంటే అరవై మెగా ఓములకు పడిపోయిన కండెన్సర్ అని అర్థం. ఆ రెండింటికీ పోలికే లేదు. నష్టాన్ని సూచించే డిసిపేషన్ ఫ్యాక్టర్ పాలీయెస్టర్‌లో కిలోహెర్ట్జ్ దగ్గర అర శాతం వరకూ ఉంటే, పాలీప్రొపిలీన్‌లో అందులో పదో వంతు కూడా ఉండదు. డిశ్చార్జ్ చేశాక కూడా కొంత చార్జిని దాచుకుని మళ్లీ పైకి తెచ్చే గుణం, అంటే డైఎలక్ట్రిక్ అబ్సార్ప్షన్, దీనిలో తక్కువ. పాలీస్టైరిన్, టెఫ్లాన్ ఇంకా మెరుగే కానీ 0.1 మైక్రోఫారడ్ 600 వోల్టులకు అవి లావుగా, ఖరీదుగా ఉంటాయి. పాలీస్టైరిన్‌కి సోల్డరింగ్ వేడి తగిలితేనే కరిగిపోయే జబ్బు కూడా ఉంది.

విచిత్రమేమిటంటే మన సీలింగ్ ఫ్యాను కండెన్సర్ కూడా పాలీప్రొపిలీన్ ఫిల్మే. 440 వోల్టుల ఏసీకి తయారైనది. సొంతంగా వాల్వు యాంప్లిఫయర్లు కట్టుకునేవాళ్లు ఇలాంటి మోటారు కండెన్సర్లను హైవోల్టేజీ సరఫరాలో ఫిల్టర్లుగా వాడటం కొత్తేమీ కాదు. ఎలక్ట్రోలైటిక్ లాగా ఎండిపోవు, ఏళ్ల తరబడి ఉంటాయి. సైజే సమస్య. స్టీరియో 70 లాంటి ఇరుకు పెట్టెలో వాటికి చోటు దొరకదు.

కండెన్సర్ల రకాల మీద ఆడియోవాళ్ల మోజు ఊరికే పుట్టలేదు. 1980లో వాల్టర్ జంగ్, రిచర్డ్ మార్ష్ అమెరికాలోని 'ఆడియో' అనే పత్రికలో రెండు నెలలు వరసగా రాసిన వ్యాసాలు ఈ చర్చకు ఊపిచ్చాయి. కండెన్సర్లన్నీ ఒకటి కాదని, టాంటలం, సిరామిక్ లాంటివి సిగ్నల్ దారిలో కొలవగలిగే లోపాలు తెస్తాయని చూపించారు. అది సరైన మాటే. అధిక విలువల సిరామిక్ కండెన్సర్‌కి వోల్టేజీతో పాటు విలువే మారిపోతుంది, కొన్నింటికి తట్టితే మైక్రోఫోన్‌లా శబ్దం వస్తుంది. అలాంటివాటిని సిగ్నల్ దారిలో వేయకూడదు. కానీ చెడ్డ రకాన్ని వదిలిపెట్టాలి అన్న ఆ మాట నెమ్మదిగా, మంచి రకాల్లో కూడా ఇంకా ఖరీదైనదే కొనాలి అన్న మాటగా మారిపోయింది. ఆ రెండూ ఒకటి కావు.

దీన్ని అంకెలతో తేల్చుకోవచ్చు. 0.1 మైక్రోఫారడ్, 270 కిలో ఓముల జత దాదాపు 6 హెర్ట్జ్ దగ్గర, అంతకన్నా కింది శబ్దాలకు, కోత మొదలుపెడుతుంది. 50 హెర్ట్జ్ బేస్ శబ్దానికి కండెన్సర్ రెండు కొసల మధ్య మిగిలే సిగ్నల్ మొత్తంలో సుమారు 12 శాతం. కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే గాయకుడి గొంతు ఉండే చోట, ఒక శాతం కూడా కాదు. కండెన్సర్ తన లోపాన్ని పాటలో కలపాలంటే ముందు దాని కొసల మధ్య ఏసీ సిగ్నల్ ఉండాలి. లేనిదాన్ని అదెలా పాడుచేస్తుంది? పైగా పూర్తి పవర్ దగ్గర ఈ యాంప్లిఫయర్ సొంత డిస్టార్షనే ఒక శాతం దాకా ఉంటుంది. లీకు లేని రెండు మంచి ఫిల్మ్ కండెన్సర్ల మధ్య తేడా దాని ముందు ఎంత?

వోల్టేజీ రేటింగ్ విషయంలో మాత్రం బేరం పనికిరాదు. పాత కండెన్సర్ మీద 400 వోల్టులని రాసి ఉంటుంది. స్విచ్ వేసిన కొత్తలో, 7199 వేడెక్కక ముందు, ప్లేటు వోల్టేజీ సరఫరా ఉన్నంతా పైకి లేస్తుంది. అవతల బయాస్ మైనస్‌లో ఉంటుంది. రెండూ కలిస్తే 400 దాటిపోవచ్చు. 600 లేదా 630 వోల్టులది వేస్తే ఆ బెంగ ఉండదు. దానికయ్యే అదనపు ఖర్చు కూడా పెద్దదేం కాదు.

విలువ పెంచడం ఇంకో పొరపాటు. 0.1 బదులు 0.47 వేస్తే బేస్ పెరుగుతుందని చాలామంది నమ్మకం. కోత ఇప్పటికే 6 హెర్ట్జ్ దగ్గరుంది, చెవికి అందేది 20 నుంచే మొదలవుతుంది, ఇంక కిందికి దింపి సాధించేదేముంది? నష్టం మాత్రం ఉంది. పాటలో ఒక్కసారిగా పెద్ద శబ్దం వచ్చి గ్రిడ్డు పాజిటివ్‌లోకి వెళ్తే కండెన్సర్ చార్జ్ అయి, అది దిగేదాకా ఆ వాల్వు మూగబోతుంది. 0.1తో ఆ కోలుకునే కాలం 27 మిల్లీసెకన్ల లెక్కన ఉంటే, 0.47తో 127 అవుతుంది. గట్టిగా వినేవాళ్లకు ఇది ముద్దముద్దగా వినిపిస్తుంది. బేస్ పెంచబోయి బేస్‌నే పాడుచేసుకోవడం.

'మ్యాచ్డ్ పెయిర్' అని అదనపు ధరకు అమ్మే జతల సంగతి కూడా ఇంతే. రెండు కండెన్సర్ల మధ్య పది శాతం తేడా ఉన్నా 50 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌లో వచ్చే తేడా శాతంలో ఏడో వంతు. ఆ డబ్బుతో జత కుదిరిన ఈఎల్34లు కొనుక్కోవచ్చు.

లావుగా ఉండే ఖరీదైన కండెన్సర్లతో ఇంకో చిక్కు. స్టీరియో 70 డ్రైవర్ బోర్డు పాత ఫినాలిక్ రకం. ఏళ్ల తరబడి వాల్వు వేడికి మాడి రాగి పట్టీలు ఊడిపోయే స్థితిలో ఉంటుంది. దాని మీద బొటనవేలంత లావు కండెన్సర్లను వేలాడదీస్తే బరువుకే ప్యాడ్లు లేచిపోతాయి. పైగా పెద్ద కండెన్సర్ పెద్ద యాంటెన్నా లాంటిది, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ హమ్‌ని పట్టుకుంటుంది.

పెద్ద డబ్బా

ఛాసిస్ మీద నిలబడి కనిపించే అల్యూమినియం డబ్బాలో నాలుగు విభాగాలున్నాయి: ఒకటి 30, మూడు 20 మైక్రోఫారడ్లవి, 525 వోల్టులకు. ఏ కాలు ఏ విభాగానిదో డబ్బా కింద అర్ధచంద్రం, చతురస్రం, త్రిభుజం గుర్తులు చెబుతాయి.

ఈ 525 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోరు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ హైవోల్టేజీ చుట్ట ఒక్కోవైపు 360 వోల్టులు ఇస్తుంది. దాని శిఖరం 1.414 రెట్లు, అంటే 509. నడిచేటప్పుడు సరఫరా 400 పైచిలుకే ఉండొచ్చు కానీ భారం లేనప్పుడు 509కి చేరగలదు. డిజైనర్ దాని మీద కాస్త ఎడం ఉంచి 525 పెట్టాడు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి బజారులో తేలిగ్గా దొరికేది 450 వోల్టులది. మీటరు పెట్టి 420 చూసి ఆ 450ది వేసేస్తే ప్రమాదం స్విచ్ వేసిన మొదటి అరనిమిషంలోనే పొంచి ఉంటుంది. జీజెడ్34 నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి కొంత కాపాడుతుంది. దాని బదులు సిలికాన్ డయోడ్లు వేసిన సెట్టులో ఆ రక్షణ కూడా లేదు. వాల్వులు చల్లగా ఉండగానే పూర్తి వోల్టేజీ కండెన్సర్ మీద పడుతుంది.

మన దగ్గర వాడేటప్పుడు ఇంకో లెక్క కలుస్తుంది. ఈ అమెరికా సెట్టుకి 117 వోల్టులు కావాలి కాబట్టి మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. లైన్‌లో 230 బదులు రాత్రిపూట 250 వచ్చిందంటే అటువైపు 127 అవుతుంది, 509 కాస్తా 553 అవుతుంది. 525 రేటింగ్ కూడా చాలదు. స్టెబిలైజర్ పెట్టుకోవడం తేలిక మార్గం. లేదంటే 350 వోల్టుల 100 మైక్రోఫారడ్లవి రెండు వరసగా కలిపి 700 వోల్టుల 50 మైక్రోఫారడ్లుగా వాడొచ్చు. అప్పుడు ఒక్కోదానికి అడ్డంగా 220 కిలో ఓముల రెసిస్టర్ ఉండి తీరాలి. లేకపోతే వోల్టేజీ రెండింటి మీదా సమానంగా పంచుకోదు. ఆ రెసిస్టర్లు స్విచ్ తీశాక చార్జిని దించేస్తాయి కూడా.

50 హెర్ట్జ్ సరఫరా వల్ల మన దగ్గర రిపుల్, అంటే డీసీలో మిగిలిపోయే అల, 120 బదులు 100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అదే కండెన్సర్‌తో అమెరికాలో ఉన్నదానికన్నా ఐదో వంతు ఎక్కువ. కాబట్టి చోక్ (ఆ అలను అణిచే ఇనుప కోర్ చుట్ట) తర్వాత వచ్చే విభాగాలను 40కో 80కో పెంచుకోవడంలో అర్థముంది. మొదటి విభాగాన్ని మాత్రం పెంచకూడదు. రెక్టిఫయర్‌కి తగిలే మొదటి కండెన్సర్ 60 మైక్రోఫారడ్లు మించకూడదని ముల్లార్డ్ కంపెనీ జీజెడ్34 డేటాషీట్‌లోనే ఉంది. ఈ వాల్వు ఇప్పటికే తన 250 మిల్లీఆంపియర్ల పరిమితికి దగ్గరగా పనిచేస్తోంది. పెద్ద కండెన్సర్ పెడితే ప్రతి సైకిల్‌లో చిన్న క్షణంలో పెద్ద కరెంటు లాగాల్సి వచ్చి లోపల మెరుపులు మెరుస్తాయి, వాల్వు పోతుంది. 80, 40, 30, 20 విభాగాలతో వచ్చే కొత్త డబ్బాలు కొన్నప్పుడు కూడా 30నో 40నో మొదటి స్థానంలో పెట్టి 80ని చోక్ అవతల పెట్టుకోవాలి. అసలు మంచి జీజెడ్34 ధర ముందు డబ్బా కండెన్సర్ ధర ఎంత?

ఎలక్ట్రోలైటిక్‌ల విషయంలో బ్రాండుకి నిజంగా విలువుంది. లోపలి ద్రవం ఎండిపోవడమే దీని మరణం, ఆ వేగం వేడి మీద ఆధారపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. నాలుగు ఈఎల్34ల పక్కన నిలబడిన డబ్బా గది కన్నా ఎంతో వేడిగా ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో గదే 40 దాటుతుంది. 85 డిగ్రీలది కాక 105 డిగ్రీలది, గంటల లెక్కలో ఎక్కువ ఆయుష్షున్నది కొనాలి. జపాన్ నిచికాన్, రుబికాన్, పానసోనిక్, జర్మనీ ఎఫ్ అండ్ టీ పేరున్నవి. పేరు చూస్తే చాలదు, తయారైన తేదీ కోడ్ చూడాలి. ఎలక్ట్రోలైటిక్ షెల్ఫ్ మీద ఊరికే కూర్చున్నా పాతబడుతుంది. 'ఒరిజినల్ పాత స్టాకు, వాడనిది' అన్న మాట వాల్వుకి పొగడ్త, ఎలక్ట్రోలైటిక్‌కి తిట్టు.

ఈ పెద్ద ఫిల్టర్‌కి అడ్డంగా చిన్న ఫిల్మ్ కండెన్సర్ కలిపితే పైస్వరాలు మెరుగవుతాయనే సలహా తరచూ వినిపిస్తుంది. హాని పెద్దగా లేదు, లాభం కూడా అంతే.

అందరూ మర్చిపోయేవి

బయాస్ సరఫరాలో 50 మైక్రోఫారడ్ల చిన్న కండెన్సర్లు రెండుంటాయి. ఖరీదు పది, ఇరవై రూపాయలు. ఇవి పోతే గ్రిడ్డు మీద మైనస్ వోల్టేజీ తగ్గిపోయి నాలుగు ఈఎల్34లూ ఒకేసారి ఎర్రబడతాయి. యాంప్లిఫయర్ మొత్తంలో అతి చవకైన ఈ భాగమే అతి ఖరీదైన భాగాలకు, అంటే వాల్వులకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ కాపలా కాస్తోంది. ముందుగా మార్చాల్సినవి ఇవే. 100 మైక్రోఫారడ్, 100 వోల్టులు, 105 డిగ్రీలది వేస్తే నిశ్చింత. ఒక్క మెలిక: ఇది మైనస్ సరఫరా కాబట్టి కండెన్సర్ ప్లస్ కొస ఛాసిస్‌కి వెళ్తుంది. అలవాటు కొద్దీ మైనస్ కొసని ఛాసిస్‌కి వేసినవాళ్లు తక్కువేం కాదు. పక్కనే ఉన్న సెలీనియం రెక్టిఫయర్ తీసి 1ఎన్4007 డయోడ్ వేస్తే మంచిదే, కానీ దానిలో వోల్టేజీ నష్టం తక్కువ కాబట్టి బయాస్ ఇంకా మైనస్‌కి వెళ్తుంది, మళ్లీ సెట్ చేయాలి.

అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి కలిపే ఫీడ్‌బ్యాక్ దారిలో పికోఫారడ్లలో ఉండే చిన్న మైకా కండెన్సర్ల జోలికి ఊరికే పోకూడదు. అవి ఈ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి సరిపోయేలా లెక్కగట్టి పెట్టినవి. విలువ మారిస్తే చెవికి అందని ఎత్తులో యాంప్లిఫయర్ తనలో తానే కూత పెడుతుంది. స్పీకరులో ఏమీ వినిపించదు కానీ ట్వీటర్ కాలిపోతుంది. మైకా సాధారణంగా చెడిపోదు కూడా. మార్చక తప్పకపోతే అదే విలువలో సిల్వర్ మైకానో సీ0జీ సిరామిక్‌నో వేయాలి.

పని మొదలుపెట్టే ముందు చార్జ్ దించాలి. నాలుగు విభాగాలూ కలిపి 90 మైక్రోఫారడ్లు, 430 వోల్టుల దగ్గర 8 జౌళ్లకు పైగా శక్తి. గుండె మీదుగా పోతే మనిషిని చంపగలదు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించే పాత మెకానిక్‌ల పద్ధతి కండెన్సర్‌కీ మంచిది కాదు, మనిషికీ కాదు. 100 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్ ఇన్సులేషన్ క్లిప్పులతో పెట్టి నిమిషం ఆగితే దిగిపోతుంది. మీటరు పెట్టి చూసుకుని, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పని చేయాలి.

మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు రేడియో షాపుల్లో వాడిన సిరీస్ బల్బు పద్ధతికి ఇప్పటికీ సాటి లేదు. మామూలు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని వరసలో కలిపి, జీజెడ్34, ఈఎల్34లు తీసేసి మొదట చూడాలి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు క్షణం వెలిగి మసకబారితే ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఫర్వాలేదు, పూర్తి వెలుగుతో ఉండిపోతే ఎక్కడో షార్టుంది. ఆ తర్వాత బల్బు తీసేసి, ఈఎల్34లు ఇంకా పెట్టకుండానే, నాలుగు సాకెట్లలోనూ 5వ పిన్ను దగ్గర మైనస్ వోల్టేజీ వచ్చిందని తేలాలి. అది తేలాకే వాల్వులు పెట్టి, స్పీకరో, దాని బదులు రెసిస్టరుతో చేసిన డమ్మీ లోడో కలిపి, బయాస్‌ని పూర్తి మైనస్‌కి తిప్పి మొదలుపెట్టి 1.56 దాకా మెల్లగా తేవాలి. అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ చూడాలి. ఈసారి రెండు ఈఎల్34లను ఒకదాని సాకెట్‌లోకి ఒకటి మార్చి కూడా ఒకసారి చూడటం మంచిది. ప్లేటు వేడి ఏ వాల్వుతో పాటు కదిలితే తప్పు ఆ వాల్వుది. కదలకుండా అదే సాకెట్‌లో ఉండిపోతే తప్పు ఇంకా ఆ గ్రిడ్డు వైపే ఉంది, కొత్త కండెన్సర్ అయినా సరే.